కరెంటు అందని పట్టాలపై కరెంటు రైలు

కరెంటుతో నడిచే రైలు తన ఇంధనాన్ని వెంట మోసుకుపోదు. పైనున్న తీగ నుంచో, పట్టాల పక్కన పరిచిన మూడో పట్టా నుంచో అది ఎప్పటికప్పుడు అందుతూ ఉంటుంది. తీగ ఏ స్టేషన్‌లో ముగిస్తే రైలు బలమూ అక్కడే ముగుస్తుంది. ప్రయాణికులందరూ ఆ స్టేషన్ దాకానే టికెట్ కొనరు కాబట్టి చిక్కు వస్తుంది. లైను మొత్తానికీ ఒకేసారి తీగ వేయడానికి చాలా రైల్వేల దగ్గర డబ్బు ఉండదు. రద్దీ ఎక్కువున్న ముక్కకు ముందు వేస్తారు, పల్చగా రైళ్లు నడిచే చివరి ముక్కను తర్వాత చూద్దామని వదిలేస్తారు. ఆ ‘తర్వాత’ ఒక్కోసారి ఇరవై ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

భారతదేశంలో ఈ చిక్కును చాలాకాలం ఇంజన్ మార్పుతో దాటారు. విజయవాడ, కాజీపేట వంటి జంక్షన్లలో కరెంటు ఇంజన్ తప్పుకుని డీజిల్ ఇంజన్ తగులుకునే దాకా ప్లాట్‌ఫారం మీద కాళ్లు చాపుకునే సమయం దొరకడం పాత తరం ప్రయాణికులకు తెలిసిందే. ఇక్కడి దూరప్రయాణపు రైళ్లలో చాలావాటికి ఇంజన్ వేరు, పెట్టెలు వేరు. ముందున్నది ఏ ఇంజన్ అనేది పెట్టెలకు పెద్దగా పట్టదు. కానీ హైదరాబాద్ ఎంఎంటీఎస్, మెము, వందే భారత్ లాంటి రైళ్ల సంగతి అలా కాదు. వాటికి విడిగా ఇంజన్ ఉండదు. మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, డ్రైవర్ గది అన్నీ పెట్టెల్లోనే అమరి ఉంటాయి. తీగ లేని చోటికి అలాంటి రైలును తీసుకెళ్లాలంటే విప్పి మార్చడానికి ఇంజనే లేదు. రైలు మొత్తాన్నీ, పనిచేయని మోటార్లతో సహా, ఒక డీజిల్ ఇంజన్‌కు తగిలించి లాగించాలి. బ్రిటన్, ఫ్రాన్స్, జపాన్ రైల్వేలు ఈ పనిని రకరకాలుగా చేసి చూశాయి.

లాగడం వరకైతే ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. తగినంత బలమున్న ఇంజన్ దేన్నైనా లాగుతుంది. చిక్కంతా మిగతా వాటితోనే. మొదటిది తగిలింపు. మామూలు ఇంజన్లకు ఉండే కొక్కేలు, బఫర్లు ఒక ఎత్తులో, ఒక ఆకారంలో ఉంటాయి. కరెంటు రైళ్లకు ముక్కు దగ్గర ఉండే ఆటోమేటిక్ కప్లర్లు మరో రకం. అవి గాలి గొట్టాలను, కొన్ని రకాల్లో విద్యుత్ తీగలను కూడా ఒకే తాకిడిలో కలిపేస్తాయి. ఈ రెండు రకాలూ నేరుగా పొసగవు. అందుకని మధ్యలో బిగించే ఒక అడాప్టర్ వాడతారు. లేదా ఇంజన్‌కే కొత్త కప్లర్ పెడతారు. అడాప్టర్‌తో తగిలించిన రైలును సాధారణంగా తక్కువ వేగంతోనే నడుపుతారు. ఆపద సమయంలో పనికొచ్చే ఏర్పాటే తప్ప దానితో రోజూ టైంటేబుల్ నడపడం కష్టం.

రెండోది బ్రేకు. రైలు పొడవునా సాగే గొట్టంలో గాలి ఒత్తిడి తగ్గితే బ్రేకు పడేలా ఉండే పద్ధతి దాదాపు అన్నిచోట్లా ఉంది. గొట్టం తెగినా రైలు ఆగుతుంది కాబట్టి అది నమ్మదగినది. అయితే కరెంటు రైళ్లలో చాలావాటికి దానిపైన ఇంకో ఏర్పాటు ఉంటుంది. డ్రైవర్ మీట తిప్పగానే విద్యుత్ సంకేతం అన్ని పెట్టెల వాల్వులనూ ఒకేసారి తెరుస్తుంది. దానికి తోడు మోటార్లే జనరేటర్లుగా మారి వేగాన్ని తగ్గించే బ్రేకు కొన్నింటిలో ఉంటుంది. డీజిల్ ఇంజన్ వెనక నిర్జీవంగా సాగేటప్పుడు ఈ అదనపు బ్రేకులు సాధారణంగా అందవు, గొట్టంలో గాలి మీదే ఆధారపడాలి. బ్రేకు కొంచెం ఆలస్యంగా పట్టుకుంటుంది, అందుకు తగ్గట్టు వేగమూ తగ్గించాలి.

మూడోదే ప్రయాణికులకు నేరుగా తెలిసేది. లైట్లు, ఏసీ, మరుగుదొడ్లు, తలుపులు, వంటగది, ఇవన్నీ తీగ నుంచి వచ్చే కరెంటుతోనే నడుస్తాయి. తీగ లేనప్పుడు బ్యాటరీలు కొంతసేపు లైట్లను నిలబెడతాయి, ఏసీని నిలబెట్టలేవు. కిటికీలు తెరుచుకోని రైలులో ఏసీ ఆగితే ఏమవుతుందో 2009 డిసెంబరులో ఇంగ్లిష్ చానల్ కింది సొరంగంలో తెలిసివచ్చింది. బయటి మంచు, లోపలి వెచ్చదనం కలిసి ఐదు యూరోస్టార్ రైళ్ల విద్యుత్ పరికరాలను పాడుచేశాయి. రెండు వేల మందికి పైగా ప్రయాణికులు ఇరుక్కుపోయారు. సొరంగం నడిపే సంస్థ ఇలాంటి రోజు కోసమే ఉంచుకున్న డీజిల్ ఇంజన్లు రంగంలోకి దిగాయి. రైలును కదిలించడం ఆ ఇంజన్లకు సాధ్యమే. అవి వచ్చేదాకా ఉక్కలో, చీకట్లో గడిపిన గంటలే ఆ తర్వాత జరిగిన విచారణలో ఒక ముఖ్య విషయమయ్యాయి.

ఈ మూడు చిక్కులనూ ముందే ఊహించి, రైలును తయారుచేసేటప్పుడే వాటికి జవాబు సిద్ధం చేసుకున్న ఉదాహరణ ఒకటుంది. అది బ్రిటన్ దక్షిణ తీరంలోని బోర్న్‌మత్, వేమత్ మార్గం. లండన్‌లోని వాటర్లూ స్టేషన్ నుంచి బోర్న్‌మత్‌కు సుమారు 174 కిలోమీటర్లు, అక్కడి నుంచి వేమత్ రేవుకు మరో 56 కిలోమీటర్లు. ఈ ప్రాంతపు రైల్వే పైతీగకు బదులు పట్టాల పక్కన మూడో పట్టా వేసి, అందులో 750 వోల్టుల డీసీ కరెంటు పంపేది. 1960ల మధ్యలో బొగ్గు ఇంజన్లను తీసేయాలని నిర్ణయించినప్పుడు బోర్న్‌మత్ దాకా మూడో పట్టా వేయడానికి లెక్కలు సరిపోయాయి. ఆపైన వేమత్ వరకు సరిపోలేదు. వేసవిలో తప్ప అక్కడ రద్దీ తక్కువ.

ఇంజనీర్లు రైలునే రెండు ముక్కలుగా ఆలోచించారు. ఒక ముక్క 4-ఆర్‌ఈపీ అనే నాలుగు పెట్టెల యూనిట్. దానిలో 3,200 హార్స్‌పవర్ బలం పోగుచేశారు. రెండో ముక్క 4-టీసీ అనే నాలుగు పెట్టెల యూనిట్. దానికి మోటార్లే లేవు. కానీ రెండు చివరలా డ్రైవర్ గదులున్నాయి. పన్నెండు పెట్టెల రైలులో లండన్ వైపు చివర ఒక ఆర్‌ఈపీ, దాని ముందు రెండు టీసీలు ఉండేవి. లండన్ నుంచి వెళ్లేటప్పుడు బలమంతా వెనకే ఉంటుంది. డ్రైవర్ ముందున్న టీసీ గదిలో కూర్చుని, వెనకున్న మోటార్లను తీగల ద్వారా నడిపిస్తాడు. అంటే రైలును వెనక నుంచి నెట్టుకుంటూ గంటకు 145 కిలోమీటర్ల వేగం దాకా పోవడం. ఆ రోజుల్లో అంత వేగంతో రైలును నెట్టడం క్షేమమా అన్న అనుమానం చాలామందికి ఉండేది. పరీక్షలు చేసి చూశాకే ఒప్పుకున్నారు.

బోర్న్‌మత్ చేరగానే ఆర్‌ఈపీ విడిపోయి అక్కడే నిలబడుతుంది. మోటార్లు లేని టీసీల ముందుకు క్లాస్ 33/1 రకం డీజిల్ ఇంజన్ వచ్చి తగులుకుంటుంది. కొద్ది నిమిషాల్లో వాటిని లాక్కుని వేమత్ బయలుదేరుతుంది. తిరుగు ప్రయాణంలో ఇంజన్‌ను ఇటు నుంచి అటు మార్చే పని లేదు. అది ఉన్నచోటే ఉంటుంది, డ్రైవర్ మాత్రం టీసీ రెండో చివరి గదికి నడిచి వెళ్తాడు. ఇప్పుడు ఇంజన్ వెనక నుంచి నెడుతుంది. బోర్న్‌మత్‌లో ఎదురుచూస్తున్న మరో ఆర్‌ఈపీకి టీసీలు తగులుకుంటాయి, డీజిల్ ఇంజన్ విడిపోతుంది. లండన్ వైపు ఆర్‌ఈపీ ముందుండి లాగుతుంది. చెరుకు బండికి ఎద్దులను మార్చినట్టు ఇంజన్‌ను విప్పి, చుట్టూ తిప్పి, మళ్లీ కట్టే పని ఎక్కడా లేదు. అలా తిప్పడానికి వేరే లైను, సిగ్నళ్లు, షంటింగ్ సిబ్బంది కూడా అక్కర్లేదు.

ఈ ఏర్పాటులో గడుసుదనం డీజిల్ ఇంజన్‌ను ఎంచుకోవడంలోనే ఉంది. 1960, 1962 మధ్య 98 ఇంజన్లుగా తయారైన ఈ రకానికి సల్జర్ ఇంజన్, 1,550 హార్స్‌పవర్ బలం ఉండేవి. లోపలి విద్యుత్ పరికరాలు క్రాంప్టన్ పార్కిన్సన్ సంస్థవి కావడంతో సిబ్బంది నోట వాటి పేరే ‘క్రాంప్టన్’ అయిపోయింది. అప్పటి బ్రిటిష్ డీజిల్ ఇంజన్లలో చాలావాటికి పెట్టెలను వెచ్చబెట్టడానికి ఇంకా ఆవిరి బాయిలర్ ఉండేది. వీటికి బాయిలర్ లేదు. పెట్టెలకు కరెంటు ఇచ్చే ఏర్పాటు ఉంది. కరెంటు రైలుకు కావలసిన వేడి అలా ముందే సిద్ధమైంది. వీటిలో 19 ఇంజన్లను ఎంచి మార్పులు చేశారు. ఆ ప్రాంతపు కరెంటు రైళ్లలో వాడే 27 తీగల నియంత్రణ కేబుల్, కరెంటు రైళ్ల ఎత్తుకు సరిపోయే పైస్థాయి గాలి గొట్టాలు, అదే రకం కప్లింగ్ వీటికి అమర్చారు. దాంతో డీజిల్ ఇంజన్, కరెంటు యూనిట్, మోటార్లు లేని యూనిట్ మూడూ ఒకే మీటకు స్పందించే కుటుంబమయ్యాయి. 1965లోనే ఒక ఇంజన్‌తో ప్రయోగాలు మొదలయ్యాయి. 1967 జులై 9న ఆ ప్రాంతంలో బొగ్గు ఇంజన్లు ఆగిపోయాయి, మర్నాటి నుంచి కొత్త టైంటేబుల్ పూర్తిగా నడిచింది.

టీసీ పెట్టెలు కూడా కొత్తవి కావు. పాత మార్క్ 1 పెట్టెలనే మార్చి చేశారు. తలుపులు చేత్తో తెరిచేవే, ఏసీ లేదు. తీగ లేని చోట కరెంటు రైలు ఎదుర్కొనే కష్టాల్లో సగం అసలు ఆ రైలులో లేనే లేవు. ఇప్పటి రైళ్లకు ఇదే పద్ధతిని అంత తేలికగా అతికించలేకపోవడానికి ఇదొక కారణం. సౌకర్యాలు పెరిగిన కొద్దీ రైలు తీగను విడిచి ఉండలేకపోతోంది.

ఒకసారి 27 తీగల భాష నేర్చాక క్రాంప్టన్లు ఇంకా చాలా పనులకు వచ్చాయి. మూడో పట్టా మీద మంచు పేరుకుని కరెంటు అందని చలి ఉదయాల్లో మామూలు కరెంటు రైళ్లను లాగాయి. లండన్‌లో క్లాఫం జంక్షన్, కెన్సింగ్టన్ ఒలింపియా మధ్య టీసీలను తీసుకుని తిరిగాయి. ఇదే కుటుంబంలో క్లాస్ 73 అనే రెండు మనసుల ఇంజన్ కూడా ఉంది. మూడో పట్టా ఉన్నంతసేపు అది 1,600 హార్స్‌పవర్ కరెంటు ఇంజన్, లేని చోట 600 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్. ఆ 600తో వేగంగా పోలేకపోయినా గూడ్స్ యార్డుల్లోకి, మూడో పట్టా లేని చిన్న లైన్లలోకి వెళ్లిరావడానికి చాలు.

1988లో వేమత్ దాకా మూడో పట్టా పడింది. కొత్తగా వచ్చిన క్లాస్ 442 రైళ్లలో బిగించిన మోటార్లు పాత ఆర్‌ఈపీల నుంచి విప్పినవే. మోటార్లు ఇచ్చేయడానికి ఆర్‌ఈపీలను ఒక్కొక్కటిగా ఆపేస్తున్న ఆ సంధికాలంలో టీసీలను లాగే పనిలో క్లాస్ 73 ఇంజన్లు కూడా చేయి వేశాయి. ఇరవై ఏళ్లకు పైగా నడిచిన ఆ మార్పిడి ఏర్పాటు అలా ముగిసింది.

ఫ్రాన్స్‌లో టీజీవీ అనే హైస్పీడ్ రైలుకు ఎదురైన పరిస్థితి వేరు. పారిస్ నుంచి నాంత్ నగరం దాకా తీగ ఉంది, అక్కడి నుంచి అట్లాంటిక్ తీరంలోని లె సాబ్ల దొలోన్ పట్టణానికి లేదు. అది వేసవి విడిది. సెలవులకు వెళ్లే పారిస్ కుటుంబాలకు సామాన్లతో నాంత్‌లో దిగి వేరే రైలెక్కడం నచ్చదు. అందుకని 2000ల తొలి సంవత్సరాల్లో టీజీవీని నాంత్ నుంచి సీసీ 72000 రకం డీజిల్ ఇంజన్‌తో లాగించారు. టీజీవీ కప్లర్‌కు సరిపోయేలా ఆ రకం ఇంజన్లలో కొన్నింటిని మార్చారు. హైస్పీడ్ లైను మీద గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వచ్చిన రైలు చివరి వంద కిలోమీటర్లకు పైగా దూరాన్ని డీజిల్ ఇంజన్ వెనక నెమ్మదిగా పూర్తిచేసేది. ప్రయాణికుడికి సీటు మారకపోవడమే లాభం, సమయం కలిసిరావడం కాదు. ఆ సేవ కొన్నేళ్లకే ఆగింది. 2008లో ఆ లైనుకు తీగ పడ్డాక టీజీవీ సొంత కాళ్ల మీద తీరం చేరింది.

జపాన్‌లోని క్యూషూ దీవిలో ఇంకా చిన్న ఉదాహరణ ఉంది. ఆరియాకే అనే కరెంటు ఎక్స్‌ప్రెస్ కుమమోతో స్టేషన్ దాకా వచ్చేది. నగరంలో జనం ఎక్కువగా దిగాలనుకునే సుయిజెంజి మాత్రం తీగ లేని పక్క లైనులో, ఆరు కిలోమీటర్ల లోపు దూరంలో ఉంది. 1980ల చివరలో ఆ కాస్త దూరానికి డీఈ10 అనే చిన్న డీజిల్ ఇంజన్‌ను తగిలించారు. పెట్టెలకు కరెంటు ఇచ్చే శక్తి దానికి లేకపోవడంతో మధ్యలో జనరేటర్ ఉన్న ఒక వ్యాన్‌ను కూడా చేర్చారు. ఆరు కిలోమీటర్ల కోసం ఒక ఇంజన్, ఒక జనరేటర్ వ్యాన్, వాటి సిబ్బంది. నగరం నడిబొడ్డుకు నేరుగా రైలు ఉండటం రైల్వేకు ఎంత విలువైనదో ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

జనరేటర్ వ్యాన్ ఆలోచన బ్రిటన్‌లో మరోచోట ఎదురవుతుంది, అది అంత సంతోషకరమైన కథ కాదు. చానల్ సొరంగం తెరుచుకున్నాక ప్లిమత్, స్వాన్సీ లాంటి ఊళ్ల నుంచి ఐరోపా నగరాలకు నైట్‌స్టార్ పేరుతో రాత్రి రైళ్లు నడపాలనుకున్నారు. ఆ ఊళ్లకు తీగ లేదు. నిద్రపెట్టెల్లో హీటర్లు, స్నానపు గదులు, ఏసీ అన్నీ కలిసి పాత డీజిల్ ఇంజన్ ఇవ్వగలిగినదానికన్నా చాలా ఎక్కువ కరెంటు కోరాయి. రెండు క్లాస్ 37/6 ఇంజన్లు, వాటికి తోడు ప్రత్యేక జనరేటర్ వ్యాన్ పెట్టి లాగించాలని ఏర్పాట్లు చేశారు. ఇంజన్లు సిద్ధమయ్యాయి, వ్యాన్లు సిద్ధమయ్యాయి, పెట్టెలు తయారయ్యాయి. విమానాల చౌక టికెట్ల ముందు లెక్కలు నిలవక 1999లో పథకాన్ని వదిలేశారు. పెట్టెలు కెనడా రైల్వేకు అమ్ముడుపోయాయి. ఒక్క ప్రయాణికుడు కూడా ఎక్కని రైలుకు అంత సన్నాహం.

బ్రిటన్ పడమటి ప్రధాన మార్గంలో పరుగెత్తే పెండొలినో అనే కరెంటు రైళ్ల విషయానికి వస్తే, వాటికోసం 16 క్లాస్ 57/3 డీజిల్ ఇంజన్లను సిద్ధం చేశారు. పాత క్లాస్ 47 ఇంజన్లను విప్పి, లోపల అమెరికన్ రకం 2,750 హార్స్‌పవర్ ఇంజన్ బిగించి చేసినవి ఇవి. పెట్టెలకు కరెంటు ఇచ్చే ఏర్పాటుతో పాటు పెండొలినో ముక్కుకు సరిపోయే డెల్నర్ కప్లర్లు పెట్టారు. మొదటి ఉద్దేశం ఆగిపోయిన రైళ్లను కాపాడటం. అందుకే 1965 నాటి తోలుబొమ్మల టీవీ సీరియల్ ‘థండర్‌బర్డ్స్’లో జనాన్ని రక్షించే పాత్రల పేర్లు వీటికి పెట్టారు. లైను మరమ్మతుల కోసం తీగలో కరెంటు ఆపేసిన ఆదివారాల్లో ఇవి పెండొలినోలను పక్కదారుల గుండా లాక్కెళ్లేవి. కొన్నేళ్లు క్రూ జంక్షన్ నుంచి తీగ లేని వేల్స్ ఉత్తర తీరం వెంట హోలీహెడ్ రేవుకు సుమారు 170 కిలోమీటర్లు టైంటేబుల్ ప్రకారమే ఒక పెండొలినోను లాగాయి. గంటకు 200 కిలోమీటర్లు పరుగెత్తే, వంపుల్లో ఒరిగే రైలు ఆ తీరం వెంట ఒరగకుండా, గంటకు 153 కిలోమీటర్లకు మించని ఇంజన్ వెనక సాగేది. తన సొంత మోటార్ల బరువు దానికి అప్పుడు ఊరికే మోసే భారం. రైలు ప్రేమికులు కెమెరాలతో బారులు తీరిన మాట నిజమే కానీ, దాన్ని ఎప్పటికీ నడిపే ఉద్దేశం ఆ రైళ్లు నడిపే సంస్థకు ఉన్నట్టు లేదు.

వేమత్ ఏర్పాటు ఇరవై ఏళ్లు నిలవడానికి, మిగతావి కొన్నేళ్లకే ఆగడానికి కారణం ఇంజన్ల బలంలో వెతికితే దొరకదు. వేమత్‌లో లాగాల్సిన భాగానికి మోటార్లే లేవు కాబట్టి వృథా బరువు లేదు. నియంత్రణ, బ్రేకు, వేడి అన్నీ డీజిల్ ఇంజన్‌తో కలిసేలా పుట్టుకతోనే ఉన్నాయి. చివరి స్టేషన్‌లో ఇంజన్ చుట్టూ తిరగనక్కర్లేదు. టీజీవీ, పెండొలినోలను తయారుచేసినవారికి తీగ దాటి వెళ్లడం అసలు ఉద్దేశంలో లేదు. తర్వాత ఇంజన్‌ను రైలుకు సరిపెట్టారు గానీ రైలును ఇంజన్‌కు సరిపెట్టలేదు.

ఇప్పుడు రైల్వేలు మరో దారి పట్టాయి. తీగ ఉన్నచోట కరెంటుతో, లేనిచోట పెట్టెల కిందున్న డీజిల్ ఇంజన్లతో నడిచే రైళ్లు వచ్చాయి. హోలీహెడ్ మార్గంలోనే 2024 నుంచి క్లాస్ 805 రకం రైళ్లు అలా నడుస్తున్నాయి. క్రూలో ఆగి ఇంజన్ తగిలించే పని లేదు, తీగ ముగియగానే పైతీగను అందుకునే చేతిని దించి సాగిపోతాయి. అయితే లండన్ నుంచి క్రూ దాకా కరెంటుతో నడిచినంతసేపూ ఆ డీజిల్ ఇంజన్లను, ట్యాంకుల్లోని నూనెను మోసుకెళ్లక తప్పదు. వేమత్ పద్ధతిలో డీజిల్ భారం అవసరమైన చోట మాత్రమే ఉండేది. డీజిల్‌కు బదులు బ్యాటరీలు పెట్టిన రైళ్లు జపాన్, జర్మనీల్లో చిన్న దూరాలకు ఇప్పటికే తిరుగుతున్నాయి.

భారతదేశపు బ్రాడ్‌గేజ్ లైన్లలో దాదాపు అన్నిటికీ తీగ పడింది కాబట్టి తీగ ముగిసే స్టేషన్లే అరుదైపోయాయి. అయినా తీరప్రాంతంలో తుపాను గాలికి తీగలు తెగిపడితే పట్టాలు బాగున్నా కరెంటు రైలు కదలదు. అలాంటి రోజుల కోసం రైల్వే కొన్ని డీజిల్ ఇంజన్లను ఉంచుకుంటోంది.